పర్యావరణానికి భారం కాని ల్యాబ్: యూనివర్సిటీ విభాగాల కోసం అడుగడుగునా మార్గదర్శి

నీటి కాలుష్యం మీద పరిశోధన జరిగే ల్యాబ్‌లోనే ఆవిరిని చల్లబరిచే కండెన్సర్ గొట్టం నుంచి రాత్రంతా మంచినీళ్లు సింకులోకి పోతుంటాయి. సౌరశక్తి మీద పేపర్లు రాసే విభాగంలో ఖాళీ ఓవెన్ శని, ఆదివారాలు కూడా 110 డిగ్రీల్లో నడుస్తూనే ఉంటుంది. ఇందులో ఎవరి నిర్లక్ష్యమో వెతకడం వల్ల లాభం లేదు. మన యూనివర్సిటీల్లో ఎక్కువ భాగం క్యాంపస్ మొత్తానికీ ఒకే హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు కనెక్షన్ మీద నడుస్తాయి. నెలకు ఒకే బిల్లు వస్తుంది, అది ఇంజినీరింగ్ విభాగం నుంచి ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్తుంది. బయోకెమిస్ట్రీ వాళ్లు ఎంత కాల్చారో, బోటనీ వాళ్లు ఎంత కాల్చారో ఎవరికీ తెలియదు. నీళ్లకైతే ఆ ఒక్క బిల్లు కూడా ఉండదు.

అందుకే ఈ పని పోస్టర్లతో, ప్రతిజ్ఞలతో మొదలుపెట్టొద్దని నా సలహా. కొలతతో మొదలుపెట్టండి. ఆ కొలతే తర్వాత ఎమ్మెస్సీ ప్రాజెక్టు అవుతుంది, పరిశోధన ప్రతిపాదనకు పునాది అవుతుంది. ల్యాబ్‌ను మార్చడం, సుస్థిరత మీద పరిశోధన చేయడం వేర్వేరు పనులుగా చూడకపోతే రెండూ ముందుకు నడుస్తాయి. కెమిస్ట్రీ, లైఫ్ సైన్సెస్ విభాగాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మిగతావాళ్లు తమకు పనికొచ్చింది తీసుకోవచ్చు.

మొదటి అడుగు: మనుషులు

నలుగురైదుగురు చాలు. ఒక అధ్యాపకుడు లేదా అధ్యాపకురాలు, ఇద్దరు రీసెర్చ్ స్కాలర్లు, స్టోర్స్ చూసేవారు ఒకరు, తప్పనిసరిగా ల్యాబ్ అసిస్టెంట్ లేదా అటెండర్ ఒకరు. ఈ చివరి మనిషిని వదిలేసిన కమిటీ ఆర్నెల్లు కూడా నిలవదు. ఏ ఓవెన్ ఎప్పుడు వేస్తారో, ఏ కుళాయి లీకవుతోందో, ఏ బీరువాలో ఇరవయ్యేళ్ల నాటి సీసాలు ఉన్నాయో ప్రొఫెసర్ కంటే ఆయనకే బాగా తెలుసు. మీటింగుల్లో ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి. రాసే నివేదికలో ఆయన పేరు కూడా వేయండి.

విభాగాధిపతి (హెచ్‌ఓడీ) సంతకంతో ఒక చిన్న సర్క్యులర్ తీయించండి. అది లేకపోతే పక్క ల్యాబ్ ఫ్రీజర్ తలుపు తీసి చూడడానికి కూడా మీకు అధికారం ఉండదు.

రెండో అడుగు: నెల రోజుల కొలత

ప్లగ్‌కీ సాకెట్‌కీ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటర్ ఒకటి కొనండి. 16 ఆంపియర్ల ప్లగ్‌కు సరిపోయేది తీసుకోండి. నేరుగా వైరింగ్ ఇచ్చిన యంత్రాలకు యూనివర్సిటీ ఎలక్ట్రికల్ విభాగం వాళ్ల క్లాంప్ మీటర్ అడగండి, ఆ పని వాళ్ల చేతే చేయించండి.

ప్రతి యంత్రానికీ కనీసం మూడు పూర్తి రోజులు మీటర్ ఉంచాలి. డీప్ ఫ్రీజర్, ఓవెన్ లాంటివి ఆగుతూ నడుస్తాయి కాబట్టి ఒక గంట చూసి 24తో గుణిస్తే లెక్క తప్పుతుంది. నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: యంత్రం, రోజుకు ఎన్ని యూనిట్లు, నిజంగా ఎన్ని గంటలు వాడారు, వాడనప్పుడు ఎవరు ఆపాలి. మనసుకు ఎక్కువగా తగిలేది ఈ నాలుగో గడి. చాలా యంత్రాల దగ్గర అది ఖాళీగా ఉంటుంది.

నీళ్లకు ఒక బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ సరిపోతాయి. రసాయనాలకు స్టోర్స్ ఇండెంట్ రిజిస్టర్‌లో గత ఏడాది లెక్క తీయండి, ముఖ్యంగా ద్రావకాలు ఎన్ని లీటర్లు వచ్చాయో. చెత్త సంచులను నెల పాటు వేలాడే త్రాసు మీద తూచి రాయండి.

కరెంటును కార్బన్ లెక్కలోకి మార్చాలంటే మన దేశ గ్రిడ్‌కు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని వేసుకోవచ్చు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ఈ అంకెను ప్రకటిస్తుంది. మీ నివేదికలో ఏ సంవత్సరం అంకె వాడారో తప్పక రాయండి.

మూడో అడుగు: డీప్ ఫ్రీజర్లు

లైఫ్ సైన్సెస్ విభాగంలో మొట్టమొదట పట్టించుకోవాల్సింది నమూనాలను మైనస్ 80 డిగ్రీల్లో దాచే ఫ్రీజర్నే. కొంచెం పాతబడినది రోజుకు 16 నుంచి 20 యూనిట్లు తీసుకుంటుంది. 18 అనుకుందాం. ఏడాదికి 6,570 యూనిట్లు. యూనిట్ 8 రూపాయల చొప్పున 52 వేల రూపాయల పైమాటే, కార్బన్ డయాక్సైడ్ 4.6 టన్నులు. ఇది ఒక్క ఫ్రీజర్ లెక్క. ఆ కరెంటంతా చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. ఆ వేడిని బయటికి తోడడానికి ఏసీకి ఇంకో మూడో వంతు కరెంటు కావాలి.

దీన్ని మైనస్ 70కి మారిస్తే ఖర్చు దాదాపు 30 శాతం తగ్గుతుంది. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు, గ్లిసరాల్‌లో దాచిన బ్యాక్టీరియా మైనస్ 70లో ఏళ్ల తరబడి బాగానే ఉన్నాయని చాలా ల్యాబుల అనుభవం. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్ క్యాంపస్ ఈ విషయంలో ముందు నడిచింది. ఏ నమూనాలు మైనస్ 70లో ఎంతకాలం నిలిచాయో అక్కడి బృందం ఒక జాబితా కూడా తయారు చేసింది.

మన దగ్గర ఈ మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఒకటే: ‘కరెంటు పోతే?’ ఆ టెన్షన్ న్యాయమైనదే. ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఫ్రీజర్ ఎన్ని గంటలు ఆగుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి పది డిగ్రీల తేడా కంటే ఎక్కువ పనిచేసేవి వేరే ఉన్నాయి. ఫ్రీజర్ జనరేటర్ లైన్ మీద ఉండాలి. ఉష్ణోగ్రత పెరిగితే ఇద్దరి ఫోన్లకు మెసేజ్ వెళ్లే అలారం ఉండాలి. ఖాళీ అరల్లో మూడొంతులు నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాలు ఉంచండి. అవి గడ్డకట్టి చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి. అన్నీ ఒకేసారి కాకుండా రోజుకు ఒకటి రెండు పెట్టండి, లేకపోతే లోపల ఉష్ణోగ్రత పైకి లేస్తుంది. మళ్లీ దొరకని నమూనాలను రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు ఫ్రీజర్లలో దాచండి. ఇవన్నీ మైనస్ 80లో ఉన్నా చేయాల్సినవే.

మార్పు ఒక్కసారిగా వద్దు. ఒకే ఫ్రీజర్ తీసుకుని వారానికి రెండు డిగ్రీల చొప్పున పైకి తెండి. దానికి ముందే పది స్ట్రెయిన్లు (బ్యాక్టీరియా రకాలు) ఎంచుకుని, ఒక్కోదానికి రెండు సెట్ల వయల్స్ (చిన్న సీసాలు) చేసి, ఒకటి మైనస్ 80లో, ఒకటి మైనస్ 70లో ఉంచండి. మూడు, ఆరు, పన్నెండు నెలలకు తీసి ప్లేట్ మీద కాలనీలు లెక్కపెట్టండి. బయటివాళ్ల పేపర్ చూపిస్తే ఒప్పుకోని సీనియర్ ప్రొఫెసర్ కూడా తన స్ట్రెయిన్ మీద వచ్చిన ఫలితాన్ని ఒప్పుకుంటారు. ఎమ్మెస్సీ విద్యార్థికి ఇది చక్కటి ప్రాజెక్టు కూడా.

ఉష్ణోగ్రత కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఖాళీ చేయడం. పదేళ్ల కిందట వెళ్లిపోయిన స్కాలర్ల డబ్బాలు, పేరు చెరిగిపోయిన ట్యూబులు ఎన్నో ఉంటాయి. ప్రతి డబ్బాకు నంబరు, యజమాని పేరు, తేదీ వేసి ఒక షేర్డ్ షీట్‌లో ఎక్కించండి. యజమాని తెలియని వాటికి నోటీసు పెట్టి రెండు నెలలు గడువివ్వండి. చాలా విభాగాల్లో ఈ ఒక్క పనితోనే ఒక ఫ్రీజర్ పూర్తిగా ఆపేయొచ్చు. ఎక్కడ ఏముందో తెలిస్తే తలుపు తెరిచి వెతికే సమయమూ తగ్గుతుంది.

మన వాతావరణంలో దుమ్ము పెద్ద శత్రువు. ముందు భాగంలోని ఫిల్టర్‌ను నెలకోసారి తీసి దులపాలి, కండెన్సర్ కాయిల్‌ను వ్యాక్యూమ్‌తో శుభ్రం చేయాలి. గోడకు జానెడు దూరం ఉండాలి. గది 32 డిగ్రీలు దాటకూడదని చాలా మోడళ్ల మాన్యువల్‌లో ఉంటుంది. జాగా లేదని ఫ్రీజర్‌ను వరండాలోకి నెట్టిన చోట మే నెలలో కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది.

నాలుగో అడుగు: నీళ్లు

డిస్టిలేషన్ యూనిట్ మన ల్యాబుల్లో అందరూ చూసేదే. దాని ఖర్చు మాత్రం ఎవరూ లెక్కవేయరు. చిన్న ఫిజిక్స్‌తో తేలుతుంది. 28 డిగ్రీల నీటిని 100కి వేడిచేసి ఆవిరి చేయడానికి లీటరుకు సుమారు 2,560 కిలోజౌళ్లు, అంటే 0.7 యూనిట్ కావాలి. ఆ ఆవిరిని తిరిగి నీళ్లు చేయడానికి, చల్లబరిచే నీరు 40 డిగ్రీలు వేడెక్కేలా పొదుపుగా వదిలినా, 13 లీటర్లకు పైగా పోతుంది. కుళాయి పూర్తిగా తిప్పి వదిలేస్తే అంతకు ఎన్నో రెట్లు. రోజుకు 40 లీటర్లు తీసే విభాగం 28 యూనిట్ల కరెంటు, 500 లీటర్లకు పైగా నీళ్లు ఖర్చు చేస్తోందన్నమాట.

ముందు అవసరం తగ్గించండి. గాజుసామాను మొదట కుళాయి నీళ్లతో బాగా కడిగి, చివరిసారి మాత్రమే వాష్ బాటిల్‌తో కొద్దిగా డిస్టిల్డ్ వాటర్ చల్లితే చాలు. తర్వాత చల్లబరిచిన నీళ్లను పట్టండి. అవి ఏ రసాయనాన్నీ తాకవు, గొట్టం బయటి నుంచి వెళ్లే శుభ్రమైన నీళ్లు. ఒక డ్రమ్ములోకి మళ్లిస్తే గోరువెచ్చని నీళ్లతో గాజుసామాను కడుక్కోవచ్చు, మిగిలినవి చెట్లకు పోయొచ్చు. డబ్బు దొరికినప్పుడు ఆర్‌ఓ, దాని వెనుక నీళ్లలో మిగిలిన లవణాలను తీసే డీఅయొనైజర్ పెట్టించుకోండి. మన బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువ కాబట్టి ఆర్‌ఓ వదిలేసే నీళ్లూ ఎక్కువే ఉంటాయి. వాటికి కూడా ట్యాంకు పెట్టి నేల తుడవడానికి వాడండి.

ద్రావకాన్ని గంటల తరబడి మరిగించి, ఆవిరిని చల్లబరిచి తిరిగి దించే రిఫ్లక్స్, సాక్స్‌లెట్ సెటప్‌లకు కుళాయి వద్దు. బకెట్టులో నీళ్లు, చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు, అవసరమైతే ఐసు. కూలర్లలో వాడే పంపు ధర ఏపాటిది? అయినా రాత్రంతా పోయే నీళ్లను అది ఆపేస్తుంది. పైగా నీటి ఒత్తిడి పెరిగి గొట్టం ఊడి ల్యాబ్ మునిగే ప్రమాదమూ తప్పుతుంది. ఫిల్టరేషన్‌కు కుళాయికి తగిలించే వాటర్ ఆస్పిరేటర్లను తీసేసి డయాఫ్రమ్ పంపు పెట్టండి. ఆస్పిరేటర్‌తో ద్రావకాల ఆవిరి కూడా నేరుగా మురుగు కాలువలోకి చేరుతుంది.

ఐదో అడుగు: ఫ్యూమ్ హుడ్, ఓవెన్, ఏసీ

రసాయనాల ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ అద్దం కిందికి దించమని విదేశీ క్యాంపస్‌లు పెద్ద ప్రచారమే చేస్తాయి. అద్దం దించినప్పుడు గాలి ప్రవాహం దానంతటదే తగ్గే హుడ్‌లకు ఆ సలహా కరెంటు మిగులుస్తుంది. మన దగ్గర ఎక్కువగా ఉన్నవి ఒకే వేగంతో తిరిగే ఫ్యాన్ హుడ్‌లు. వాటికి అద్దం దించితే భద్రత పెరుగుతుంది కానీ కరెంటు ఆదా పెద్దగా ఉండదు, స్విచ్ ఆపితేనే ఆదా. ఒకటిన్నర మీటరు వెడల్పు, 45 సెంటీమీటర్లు తెరిచి ఉన్న హుడ్ సెకనుకు అర మీటరు వేగంతో గాలి లాగితే గంటకు 1,200 ఘనపు మీటర్లు బయటికి పోతాయి. 280 ఘనపు మీటర్ల ఏసీ ల్యాబ్‌లో గాలి మొత్తం గంటకు నాలుగుసార్లు బయటికి పోయినట్టు లెక్క. ఒక్క షరతు: హుడ్‌లో ద్రావకాల సీసాలు నిల్వ ఉంటే దాన్ని ఆపకూడదు. ముందు వాటిని గాలి ఆడే బీరువాలోకి మార్చి, తర్వాతే స్విచ్ సంగతి.

ఓవెన్లకు టైమర్లు బిగించండి. ఏసీ 24 నుంచి 26 డిగ్రీల మధ్య చాలు. ప్రతి యంత్రం మీద రంగు స్టిక్కర్ వేయండి: ఎరుపు ఉంటే ముట్టుకోవద్దు, పసుపు ఉంటే అడిగి ఆపాలి, ఆకుపచ్చ ఉంటే చివర వెళ్లేవారు ఆపాలి. అటెండర్‌కు ఇది చాలా ఊరట. ఆపితే ఏమంటారో అన్న భయంతోనే చాలామంది దేన్నీ ఆపరు.

ఆరో అడుగు: డిగ్రీ, పీజీ ప్రాక్టికల్స్

పరిశోధన ల్యాబుల మీదే అందరి దృష్టీ ఉంటుంది కానీ, రసాయనాలు సింకులోకి ఎక్కువగా వెళ్లేది ప్రాక్టికల్స్ నుంచే. పొటాషియం డైక్రోమేట్ టైట్రేషన్ తీసుకోండి. 60 మంది బ్యాచ్, ఒక్కొక్కరికి నాలుగు రీడింగులు, ఒక్కోదానికి 20 మిల్లీలీటర్లు అంటే ఒక్క పూటకు 4,800 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్ల పిపెట్‌, 10 మిల్లీలీటర్ల బ్యూరెట్‌కు మారితే అది 1,200కు వస్తుంది. చిన్న బ్యూరెట్ మీద గీతలు ఇంకా సన్నగా ఉంటాయి కాబట్టి రీడింగ్ కచ్చితత్వం పెద్దగా దెబ్బతినదు. పైగా చేతి నైపుణ్యం పెరుగుతుంది.

డైక్రోమేట్‌లో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. మిగిలిన ద్రావణాన్ని ఒక డబ్బాలో పట్టి, ఆమ్ల మాధ్యమంలో మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) వేసి, నారింజ రంగు పూర్తిగా పోయేదాకా క్షయకరణం చేయించండి. తర్వాత సున్నంతో పీహెచ్ 8, 9 మధ్యకు తెచ్చి అవక్షేపాన్ని వడకట్టి ప్రమాదకర వ్యర్థంగా భద్రపరచాలి. ఇది ల్యాబ్ అసిస్టెంట్ ఒక్కరి మీద పడేసే పని కాదు, దీన్నే ఒక ప్రాక్టికల్‌గా పెట్టండి. క్రోమిక్ ఆమ్లంతో గాజుసామాను కడిగే అలవాటుకు పూర్తిగా స్వస్తి చెప్పండి, ల్యాబ్ డిటర్జెంట్ చాలు.

సాల్ట్ అనాలిసిస్ నుంచి సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం లవణాలు తీసేస్తే కిప్స్ పరికరంతో హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేసే అవసరం చాలావరకు తగ్గుతుంది. విశ్లేషణ తర్కం నేర్పడానికి రాగి, ఇనుము, జింక్, కాల్షియం చాలు. డీఎన్‌ఏ ముక్కలను కరెంటుతో వేరుచేసే ఎలెక్ట్రోఫోరెసిస్‌లో ఎథిడియం బ్రోమైడ్ అనే రంగు బదులు తక్కువ ప్రమాదకరమైన రంగులు దొరుకుతున్నాయి. పాదరసం థర్మామీటర్లు పగిలిన చోట డిజిటల్‌వి కొనండి. భారతదేశం పాదరసం మీద మినామటా ఒప్పందాన్ని 2018లో ఆమోదించింది కూడా.

ఈ మార్పులు శాశ్వతం కావాలంటే సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టాలి. మాన్యువల్‌లో ‘20 మిల్లీలీటర్లు’ అని అచ్చై ఉన్నంతకాలం ఎగ్జామినర్ అదే అడుగుతారు.

ఏడో అడుగు: ద్రావకాలు, వ్యర్థాలు

పాల్ అనాస్టాస్, జాన్ వార్నర్ 1998లో చెప్పిన గ్రీన్ కెమిస్ట్రీ 12 సూత్రాల్లో మొదటిది, వ్యర్థాన్ని శుద్ధి చేయడం కంటే పుట్టకుండా చూడడం మేలని. మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే కాలమ్ క్రొమటోగ్రఫీలో డైక్లోరోమీథేన్ బదులు ఇథైల్ అసిటేట్, ఇథనాల్, హెప్టేన్ మిశ్రమాలు ప్రయత్నించండి. హెక్సేన్ నరాలను దెబ్బతీస్తుంది, హెప్టేన్ ఆ విషయంలో మేలు. గాజుసామాను కడిగిన అసిటోన్‌ను విడిగా పట్టి స్వేదనం చేస్తే మళ్లీ కడగడానికి వస్తుంది.

క్లోరిన్ ఉన్న ద్రావకాలకు ఒక క్యాన్, లేనివాటికి ఇంకొకటి. నైట్రిక్ ఆమ్లాన్ని ఏ సేంద్రియ ద్రావకంతోనూ కలపకూడదు. అసిటోన్, క్లోరోఫామ్ కలిసిన చోట క్షారం పడితే పేలుడు జరగొచ్చు. క్యాన్ నాలుగింట మూడొంతులే నింపండి, లేబుల్ మీద పేర్లు, తేదీ రాయండి. నిండిన క్యాన్లు ఏళ్ల తరబడి వరండాలో ఉండకుండా అధీకృత కేంద్రానికి పంపాలి. తెలంగాణలో దుండిగల్‌, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ దగ్గరి పరవాడ ఇలాంటి ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే చోట్లు. ఒక్కో విభాగం విడిగా ఒప్పందం చేసుకోవడం కష్టం. రిజిస్ట్రార్ స్థాయిలో యూనివర్సిటీ మొత్తానికీ ఒకటే చేయించండి.

జీవ వ్యర్థాలకు 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగులున్నాయి. సూక్ష్మజీవుల కల్చర్లను ముందు ల్యాబ్‌లోనే ఆటోక్లేవ్ చేయాలి, అంటే ఒత్తిడి ఆవిరితో క్రిములు చచ్చేలా ఉడికించాలి. బ్లీచ్ కలిపినదాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు, విషవాయువు వస్తుంది. ప్లాస్టిక్ విషయానికొస్తే, 2015లో నేచర్ పత్రికలో ఎక్సెటర్ యూనివర్సిటీ పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలోని జీవశాస్త్ర ల్యాబులు ఏటా 55 లక్షల టన్నుల ప్లాస్టిక్‌ను పారేస్తున్నాయి. గాజు పెట్రి ప్లేట్లు, గాజు పిపెట్లు, టిప్ బాక్సులను తిరిగి నింపడం మన ల్యాబుల్లో మొన్నటిదాకా ఉన్న అలవాట్లే. సెల్ కల్చర్ కాని పనులన్నింటికీ వాటిని తిరిగి తెచ్చుకోవచ్చు, కడిగి ఆరబెట్టే మనిషికి సమయం, చేతి తొడుగులు ఇస్తే.

ఎనిమిదో అడుగు: దీన్ని పరిశోధనగా మార్చడం

ఇప్పటికి మీ దగ్గర ఏడాది అంకెలుంటాయి. ఎలక్ట్రికల్ విద్యార్థులకు ఫ్రీజర్ లోడ్ డేటా, ఎకనామిక్స్ వాళ్లకు ఖర్చు లెక్కలు, కెమిస్ట్రీ వాళ్లకు తిరిగి తీసిన ద్రావకం స్వచ్ఛత, సోషియాలజీ వాళ్లకు స్టిక్కర్లు ఎందుకు పనిచేశాయో, ఎందుకు చేయలేదో అన్న ప్రశ్న. ప్రతి ఏడాదీ రెండు మూడు ప్రాజెక్టులకు చిన్న సీడ్ మనీ ఇప్పించండి. మీటర్లు, పంపులు కొనేపాటి మొత్తం చాలు.

ల్యాబ్ నుంచి బయటికి వెళ్లిన పరిశోధనకు మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి బయోగ్యాస్, 500 యూనిట్ల దాకా కరెంటు తీసే ప్లాంటు తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ సాంకేతికతతో కట్టిందే. క్యాంపస్ మెస్ వ్యర్థాల మీద పనిచేయాలనుకునే విద్యార్థుల్ని ముందు అక్కడికి తీసుకెళ్లి చూపించండి.

అధికారుల్ని ఒప్పించడానికి, విద్యాసంస్థలకు గుర్తింపునిచ్చే న్యాక్ ఉంది. దాని మదింపులో శక్తి పొదుపు, నీటి సంరక్షణ, వ్యర్థాల నిర్వహణ, గ్రీన్ ఆడిట్ వివరాలు అడుగుతారు. కన్సల్టెంట్ రాసిచ్చే నివేదిక కంటే మీ విద్యార్థులు కొలిచిన అంకెలకు విలువ ఎక్కువని యూనివర్సిటీలో న్యాక్ పనులు చూసే నాణ్యతా విభాగం ఐక్యూఏసీకి చెప్పండి. ల్యాబుకు ఒక క్రమమైన చెక్‌లిస్టు కావాలంటే లండన్‌లోని యూసీఎల్ (యూనివర్సిటీ కాలేజ్ లండన్) తయారుచేసిన ‘లీఫ్’ ఉంది. అందులో కాంస్యం, రజతం, స్వర్ణం అని మూడు స్థాయిలుంటాయి. మొదటి స్థాయితో మొదలుపెట్టడం మంచిది.

తొమ్మిదో అడుగు: కొనుగోళ్లు

టెండర్‌లో తక్కువ ధర చెప్పినవాళ్లకే ఆర్డర్ పోతుంది కాబట్టి, పర్యావరణ షరతులన్నీ టెండర్ స్పెసిఫికేషన్‌లోనే ఉండాలి. ఫ్రీజర్ అయితే రోజుకు ఇన్ని యూనిట్లు మించకూడదని రాయండి. రిఫ్రిజరెంట్‌గా, అంటే లోపల చల్లబరిచే వాయువుగా, ప్రొపేన్, ఈథేన్ లాంటి హైడ్రోకార్బన్ ఉండాలని అడగండి. పాత ఫ్రీజర్లలోని హెచ్‌ఎఫ్‌సీ (హైడ్రోఫ్లోరోకార్బన్) వాయువులు గాల్లో కలిస్తే భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే వేల రెట్లు వేడెక్కిస్తాయి. కొత్త ఫ్రీజర్లలో రోజుకు 10 యూనిట్ల లోపు నడిచేవి దొరుకుతున్నాయి. పదేళ్ల కరెంటు ఖర్చును ధరకు కలిపి చూపిస్తే ఫైనాన్స్ ఆఫీసర్ వింటారు.

కొనేముందు పక్క విభాగంలో అదే యంత్రం ఉందేమో చూడండి. దేశంలోని పరిశోధన పరికరాల వివరాలు ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఉంటాయి, అక్కడే స్లాట్ బుక్ చేసుకోవచ్చు. కొత్తది వచ్చిన రోజే పాతది ఆపాలి. అది పక్క ల్యాబ్‌కు వెళ్లి నడిస్తే ఆదా ఏమీ మిగలదు. పాతదాన్ని పనికిరానిదిగా తేల్చే కండెమ్నేషన్ ఫైలు వెంటనే కదిపి, రిఫ్రిజరెంట్ వాయువును గాల్లోకి వదలకుండా పట్టించి, ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కు ఇవ్వండి.

పదో అడుగు: నో డ్యూస్

ఇంత చేసినా మూడేళ్లలో స్కాలర్లు మారతారు, డబ్బాలు మళ్లీ పేరుకుంటాయి. దీనికి యూనివర్సిటీలో ఇప్పటికే ఒక సాధనం ఉంది. థీసిస్ సమర్పించే ముందు ప్రతి స్కాలరూ లైబ్రరీ, హాస్టల్, స్టోర్స్ సంతకాల కోసం తిరిగే నో డ్యూస్ ఫారం. అందులో ల్యాబ్ కోసం మూడు వరుసలు చేర్పించండి: ఫ్రీజర్‌లోని నా నమూనాలు ఫలానా వారికి అప్పగించాను లేదా పారేశాను, నా పేరున ఉన్న రసాయనాల సీసాలు స్టోర్స్‌కు తిరిగిచ్చాను, నేను పోగుచేసిన వ్యర్థాలకు లేబుళ్లు వేసి అప్పజెప్పాను. కింద గైడ్ సంతకంతో పాటు ల్యాబ్ అసిస్టెంట్ సంతకం కూడా ఉండాలి. ఆ ఫారం మార్చడానికి అకడమిక్ సెక్షన్‌కు ఒక నోట్ పెట్టి, డిపార్ట్‌మెంట్ కమిటీ తీర్మానం జతచేస్తే సరిపోతుంది.